వేలెత్తి చూపలేని సంఖ్య

పచ్చదనం విషయంలో ఇకపై ప్రపంచమంతా మనవైపే చూడక తప్పదని మంత్రిగారు సభలో సెలవిచ్చారు. ఒక్క ఏడాదిలో కోట్లాది మొక్కలు నాటించారట. చప్పట్లు ఆగాక ప్రతిపక్ష నాయకుడు లేచి, "కోట్లాది అంటే కచ్చితంగా ఎన్ని?" అన్నాడు. అంత అమర్యాదకరమైన ప్రశ్న ఆ సభలో అంతకుముందు ఎవరూ వేసి ఎరగరు. జవాబుకి మర్నాటి దాకా గడువు దొరికింది.

మొక్కల శాఖ డైరెక్టరుగారు వెంటనే కారు పంపి, పక్కవీధి బడిలో లెక్కలు చెప్పే టీచరమ్మని పిలిపించారు. ఆవిడ సంబరపడింది. బడి ఆవరణలో ఉన్న ఒకేఒక్క చెట్టు గాలివానకి కూలిపోయింది. పిల్లలు మధ్యాహ్నం డబ్బాలు విప్పుకుని ఎండలోనే తింటున్నారు. ఒక్క మొక్క ఇప్పించమని ఆవిడ ఎన్నాళ్లుగానో ఆ ఆఫీసు చుట్టూ తిరుగుతోంది. ఇన్నాళ్లకి దయ కలిగిందనుకుంది.

"మాకో పెద్ద సంఖ్య కావాలి టీచరమ్మా," అన్నారు డైరెక్టరు. "మూడు కోట్లు దాటాలి. చివర సున్నాలొద్దు, జనం నమ్మరు. ఎవరూ వేలెత్తి చూపకూడదు."

ఆవిడ దాన్ని లెక్కల ప్రశ్నగానే తీసుకుంది. ఇంకోలా తీసుకోవడం ఆవిడకి చేతకాదు.

"ఒకటుంది సార్. మూడు కోట్ల ముప్పై ఐదు లక్షల యాభై వేల మూడు వందల ముప్పై ఆరు. పరిపూర్ణ సంఖ్య."

"అంటే?"

"ఆరు తీసుకోండి. ఆరుని వదిలేస్తే, దాన్ని శేషం లేకుండా భాగించేవి ఒకటి, రెండు, మూడు. కూడితే మళ్లీ ఆరే. ఇదీ అంతే. ఇలాంటివి చాలా అరుదు."

"భలే!"

"మరి నిజంగా నాటినవి ఎన్ని సార్?"

"ఇప్పుడే కదమ్మా మీరు చెప్పారు!"

"అయితే మా బడికొక మొక్క..."

"ఒక్కటేం ఖర్మ, తోటే వేయిద్దాం. ముందు సభ గడవనీయండి."

సభ దివ్యంగా గడిచింది. ప్రతిపక్షం ఒక ప్రొఫెసరుని వెంటబెట్టుకొచ్చింది. ఆయన బోర్డు నిండా భాగహారాలు చేసి, చెమట తుడుచుకుని, "అంకెలన్నీ కూడితే ఇరవై ఎనిమిది. అదీ పరిపూర్ణమే!" అంటూ కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఇంత మచ్చలేని సంఖ్యని తన రాజకీయ జీవితంలో చూడలేదని ప్రతిపక్ష నాయకుడు క్షమాపణ చెప్పుకున్నాడు. అంతటి సంఖ్య ముందు మొక్కల ఊసెత్తడం ఎవరికీ మర్యాదనిపించలేదు.

మర్నాడు టీచరమ్మ మొక్క కోసం వెళ్లింది. డైరెక్టరుగారి ముఖం వాడిపోయింది.

"మీ బడిలో ఇప్పుడొకటి నాటితే మొత్తం ఎంతవుతుంది?"

"చివర ఏడొస్తుంది సార్."

"అది పరిపూర్ణమేనా?"

టీచరమ్మ పైటచెంగు సర్దుకుంది. లెక్కల్లో ఆవిడ ఏనాడూ అబద్ధం ఆడలేదు.

"కాదు సార్."

"చూశారా! బంగారంలాంటి సంఖ్యని మీ చేత్తో మీరే పాడుచేసుకుంటారా? పోనీ, దీని తర్వాతి పరిపూర్ణ సంఖ్య ఎంత?"

"అబ్బో, చాలా దూరం సార్. ఎనిమిది వందల యాభై ఎనిమిది కోట్ల తొంభై ఎనిమిది లక్షల అరవై తొమ్మిది వేల యాభై ఆరు."

"ఓస్, అంతేనా! నాటేద్దాం. అందులో మొట్టమొదటిది మీ బడిదే, సరేనా?"

వారం తిరక్కుండా నాటేశారు. ఆ మధ్యాహ్నం టీచరమ్మ, గోడవారనున్న జానెడు నీడలోకి ఇంకాస్త ఒదిగి కూర్చోమని పిల్లలకి చెప్పింది.