గండ్రాళ్ల వారి మైల

ఒక పెద్ద అడవిలో ఒక ఉడుము ఉండేవాడు. ఎంత పెద్ద అడవి అని అడక్కండి. నేను చూసిన అడవల్లా మా ఊరి సినిమా హాలు వెనక ఉన్న సర్వీ తోట. అందులోనూ ఒకసారి దారి తప్పాను.

ఉడుము పేరు గండ్రాళ్ల చెంచయ్య. మడుగు పెద్ద పదవికి మూడుసార్లు నిలబడి మూడుసార్లూ ఓడిపోయాడు. అడవిలో ఎవరు ఎప్పుడు నీళ్లు తాగాలో చెప్పేవాడే మడుగు పెద్ద. ఒడ్డున ఒక నల్లబండ ఉంటుంది, దాని మీద కూర్చుంటాడు. చెంచయ్యకి నీళ్ల గొడవ పట్టదు. బండ కావాలి. ఒక్కసారి గోళ్లు ఆనితే చాలు, ఇక తనని ఊడబెరికే మొనగాడు పుట్టలేదని ఆయన ధీమా.

ఓడిపోవడానికి కారణం ఒకటే. ఆ అడవిలో ఓట్లు ఇంటిపేరు చూసి పడతాయి. కొమ్ముల వారు కొమ్ముల వారికి, తోకల వారు తోకల వారికి. గండ్రాళ్ల వారు మొత్తం నలుగురు: చెంచయ్య, భార్య, ఇద్దరు కొడుకులు. పోయినసారి ఆ నాలుగులోనూ మూడే పడ్డాయి. నాలుగోది ఎవరిదో తేలక ఆ ఇంట్లో ఆర్నెల్లు మాటల్లేవు.

చెంచయ్యని చూసి నవ్వే అర్హత నాకు లేదు. నా ఇంటిపేరుతో ఒక రైల్వే స్టేషన్ ఉంది. అక్కడ ఏ రైలూ ఆగదు. అయినా అటు వెళ్లినప్పుడల్లా ఎదురు సీట్లో నిద్రపోతున్నాయన్ని లేపి మరీ ఆ బోర్డు చూపిస్తాను. కాబట్టి అర్హత లేదు, నవ్వుతానంతే.

ఒకరోజు చెంచయ్య ఎండలో పడుకుని ఉండగా ఒక సంగతి తట్టింది. మడుగు వెనక గుట్ట పేరు గండ్రాళ్ల గుట్ట. మడుగు పేరు గండ్రాళ్ల మడుగు. గోరింక చెప్పే బుర్రకథలో ఏడు ఏనుగుల్ని తరిమికొట్టిన పులి పేరు గండ్రాళ్ల భూపతి.

నిజానికి గుట్టకి ఆ పేరు గరుకు రాళ్ల వల్ల వచ్చింది. మడుగుకి గుట్ట కింద ఉన్నందుకు వచ్చింది. భూపతికి గోరింకకి ఇంకో పేరు తోచక వచ్చింది. చెంచయ్య వాళ్లకి ఆ రాళ్ల సందుల్లో కాపురం ఉన్నందుకు వచ్చింది. కానీ ఇంత వివరంగా చెబితే ఓట్లు పడవు.

మర్నాడు పొద్దున్నే చెంచయ్య మడుగు దగ్గర సభ పెట్టాడు.

"గుట్ట మాది! మడుగు మా కన్నతల్లి! భూపతి మా ముత్తాత! ఇంత పెద్ద ఇల్లు పెట్టుకుని మేం నలుగురమే ఉంటే ఏం బాగుంటుంది? ఈ రోజు నుంచి అడవిలో ఎవరైనా సరే గండ్రాళ్ల వారు కావచ్చు. మా ఇంటివాళ్లకి మడుగులో ఎప్పుడూ ముందు వరసే!"

ముందు వరస అనగానే అందరూ లేచారు.

అడవికి పురోహితుడు, లేఖకుడు రెండూ కొంగ శాస్త్రే. ఒంటికాలి మీద నిలబడి టేకాకుల మీద రాస్తాడు. చెంచయ్య ఆయన్ని పక్కకి పిలిచాడు.

"శాస్త్రిగారూ, ఇంటిపేరు ఇలా పంచిపెట్టొచ్చునా?"

"నిక్షేపంలా పెట్టొచ్చు. ఇంటిపేరుతో పాటు మంచీ చెడూ కూడా పంచుకోవాలి."

"మంచి మాత్రం రాయండి."

"నా దగ్గర రెండింటికీ ఒకటే ఆకు నాయనా."

చెంచయ్య నవ్వేసి, రాయమన్నాడు.

మూడు రోజులు రాశారు. కోతులొచ్చాయి, దుప్పులొచ్చాయి, కొండముచ్చులొచ్చాయి. ఎల్లుండి పెళ్లి పెట్టుకున్న రెండు చిలకలు కూడా వచ్చాయి. పేర్లు రాయగానే శాస్త్రి ముక్కు పైకెత్తి, "ఇప్పుడు మీది ఒకే ఇంటిపేరు. అన్నాచెల్లెళ్లయ్యారు. పెళ్లి లేదు," అన్నాడు.

ఆడచిలక ఘొల్లుమంది. "ఎన్నికలవనీ తల్లీ, ఏదో ఒక దారి చూద్దాం," అని చెంచయ్య దాన్ని సాగనంపాడు.

చివర్లో రెండొందల ఏళ్ల తాబేలు తాతని నలుగురు కోతులు మోసుకొచ్చారు. "ఎవరి పెళ్లిరా?" అన్నాడు తాత. పెళ్లి కాదు, ఓటని చెప్పి వేలిముద్ర వేయించారు. తాతకి వేలు ఎక్కడుందో వెతకడానికే పూట పట్టింది.

చేరనిది ఒక్క ముళ్లపంది, ముళ్ల నూకాలమ్మ.

"నూకాలమ్మా, నువ్వొక్కదానివే మిగిలావు. ముందు వరస వద్దా?" అన్నాడు చెంచయ్య.

"అందరూ ముందు వరసలో ఉంటే వెనక వరస ఖాళీయేగా నాయనా. తీరిగ్గా తాగుతాను."

"మాది పెద్ద ఇల్లమ్మా."

"పెద్ద ఇంట్లో నా ముళ్లు ఎవరికో ఒకరికి గుచ్చుకుంటాయి. మా మానాన మమ్మల్ని వదిలెయ్."

పోటీకి ఎవరో ఒకరు ఉండాలన్నాడు శాస్త్రి. మిగతా అందరూ ఒకే ఇల్లు కనక నూకాలమ్మే నిలబడింది. చెంచయ్యకి నాలుగు వందల పన్నెండు ఓట్లు, నూకాలమ్మకి ఒకటి. ఆ ఒకటి ఎవరిదో అందరికీ తెలుసు కాబట్టి ఈసారి ఏ ఇంట్లోనూ మాటలు ఆగలేదు.

శాస్త్రి పాత ఆకు తీసి పద్ధతి చదివాడు. "గెలిచినవారు ముప్పై రోజుల లోపు బండెక్కి ప్రమాణం చేయాలి. చేయకపోతే ఆ తర్వాత ఎక్కువ ఓట్లు వచ్చినవారే పెద్ద."

ఆ తర్వాత ఎక్కువ అంటే ఒకటి. సభంతా పడీ పడీ నవ్వింది. నూకాలమ్మ కూడా నవ్వింది.

నాలుగో రోజుకి ముహూర్తం పెట్టారు. మూడో రోజు పొద్దున తాబేలు తాత పోయాడు.

చెంచయ్య ఒక నిట్టూర్పు విడిచి, "పాపం, పెద్దాయన. సరే, రేపు ప్రమాణానికి దండలు ఎన్ని చెప్పారు?" అన్నాడు.

"రేపేమిటి?" అన్నాడు శాస్త్రి. "తాత గండ్రాళ్ల వాడు. నువ్వూ గండ్రాళ్ల వాడివే. ఇంటిపేరు వాళ్లు పోతే పది రోజులు మైల. బండ ముట్టుకోకూడదు, ప్రమాణం చేయకూడదు."

"ఆయన మా ఇంటికొచ్చి వారం కాలేదండీ!"

"కోడలు ఇంటికి వచ్చి గంటే అయినా మైల మైలేగా."

చెంచయ్య పళ్లు కొరుక్కుని పది రోజులు కూర్చున్నాడు. ఆయనొక్కడే కాదు, అడవంతా కూర్చుంది, అందరికీ మైలే కదా. వేటకి పోకూడదు, గూడు కట్టకూడదు. ఏం తోచక అందరూ మడుగులో దిగారు. అందరిదీ ముందు వరసే కనక ఎవరినీ ఎవరూ లేవమనలేదు. తాగినవాళ్లు తాగారు, పొర్లినవాళ్లు పొర్లారు, కొండముచ్చులు రోజుకి మూడు స్నానాలు చేశాయి.

శుద్ధి అయింది. పదిహేనో రోజుకి మళ్లీ ముహూర్తం పెట్టారు. పద్నాలుగో రోజు పొద్దున చూస్తే మడుగులో చుక్క నీరు లేదు. అడుగున బురద పెళ్లలు పెళ్లలుగా విచ్చుకుపోయింది.

"అమ్మ పోయింది!" అని ఒక దుప్పి మొదలుపెట్టింది. "కన్నతల్లి పోయిందర్రా!" అని కోతులు అందుకున్నాయి.

చెంచయ్య పరుగెత్తుకొచ్చాడు. "ఏడవకండి! మడుగు ఎండింది, అంతే! వానొస్తే నిండుతుంది!"

"మడుగు మా కన్నతల్లి అన్నది ఎవరు?" శాస్త్రి ఆకు తిరగేశాడు. "ఇదిగో, సభలో నువ్వన్న మాట. నేను అక్షరం పొల్లుపోకుండా రాశాను."

"మాటవరసకి అన్నానండీ!"

"ఓట్లు మాటవరసకి పడలేదుగా. తల్లి మైల, పది రోజులు."

అందరూ కింది వాగుకి పోయి నీళ్లు తాగొచ్చి మళ్లీ ఏడ్చారు. చెంచయ్య వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. ఇరవై నాలుగుకి శుద్ధి. ఇరవై ఆరుకి ముహూర్తం. ఇంకా టైముంది.

కానీ జనం ముఖాలు మాడ్చుకుని తిరుగుతున్నారు. చిలకలైతే "ఆ ఇంటిపేరు వెనక్కి తీసుకోండి" అని ఆయన వెంటే ఎగురుతున్నాయి. అందరికీ మళ్లీ హుషారు తేవాలని, ఇరవై అయిదో రోజు మధ్యాహ్నం గోరింక చేత భూపతి కథ పెట్టించాడు.

"పట్టాభిషేకం దగ్గర ఆపెయ్," అని ముందే చెప్పాడు.

"అలాగే బాబూ," అంది గోరింక.

కథ అదిరిపోయింది. ఏడు ఏనుగులూ తోకలు ముడిచాయి. భూపతి సింహాసనం ఎక్కాడు. అందరూ ఈలలు వేశారు. గోరింక దణ్ణం పెట్టి కొమ్మ మీంచి దిగబోతోంది.

వెనక నుంచి నూకాలమ్మ గొంతు వినిపించింది. "అంతేనా? మరి ఆ తర్వాత భూపతి ఏమయ్యాడమ్మా?"

"నూకాలమ్మా, నువ్వు ఊరుకో!" అన్నాడు చెంచయ్య.

"బయటిదాన్ని నాయనా, మీ ఇంటి సంగతులు నాకేం తెలుసు? అందుకే అడిగాను."

గోరింక కళ్లు మెరిశాయి. ఇరవై ఏళ్లుగా ఆ కథ చెబుతోంది. చివరి ఘట్టమంటే దానికి ప్రాణం. చెంచయ్య కొమ్మెక్కి వచ్చేలోపే గొంతెత్తి, మాటువేసిన వేటగాడి బాణాన్ని, కన్నుమూస్తూ భూపతి చెప్పిన ఆఖరి మాటల్ని పాడేసింది. ఏడవనివాడు లేడు. చెంచయ్య కూడా ఏడ్చాడు, ఆయన కారణం వేరు.

శాస్త్రి రెండో కాలు కూడా కింద పెట్టాడు. "పది రోజులు."

"అయ్యా! అది జరిగి ఎన్ని తరాలైందో!"

"ఎప్పుడు పోయాడన్నది అనవసరం. చుట్టమయ్యాక కబురు చెవిన పడ్డ రోజు నుంచి మైల."

"అసలు భూపతి పుట్టనేలేదయ్యా! అదంతా కథ!"

శాస్త్రి నెమ్మదిగా ఆకు విప్పాడు. "భూపతి మా ముత్తాత అన్నావు. పుట్టని ముత్తాతకి మునిమనవడివైతే నువ్వూ పుట్టలేదన్నమాట. పుట్టనివాడికి పడ్డ ఓట్లు చెల్లవు. ఏది రాయమంటావు? మైలా, అబద్ధమా?"

"పోనీ, నేను ఇంటిపేరు మార్చుకుంటాను. ఇప్పుడే!"

"పేరు మార్చుకోవడం శుభకార్యం," అన్నాడు శాస్త్రి. "మైలలో చేయకూడదు."

ముప్పయ్యో రోజు వెళ్లిపోయింది. ముప్పై ఒకటో రోజు పొద్దున, అడవిలో మైల లేని ఒకే ఒక్క ప్రాణి నూకాలమ్మ నెమ్మదిగా బండెక్కి ప్రమాణం చేసింది. చప్పట్లు కొట్టడానికి ఎవరికీ వీల్లేదు. మైల కదా.

అందరి మైలా తీరిన మర్నాడు తెల్లారేసరికి నూకాలమ్మ బొరియ ముందు పెద్ద గుంపు. దుప్పులు, కోతులు, కొండముచ్చులు. శాస్త్రి కొత్త టేకాకులతో తయారు. గుంపులో అందరికంటే ముందు చెంచయ్య, వీపు మీద నాలుగు తుమ్మముళ్లు గుచ్చుకుని నిలబడ్డాడు.

"అమ్మా, మా అమ్మమ్మ పుట్టింటివాళ్లు ముళ్ల వారేనట. ఈ మధ్యే తెలిసింది."

నూకాలమ్మ ఆయన్ని పైనుంచి కిందికి చూసింది.

"సంతోషం నాయనా. వెనక వరసలో నిలబడు."

నీతి: చుట్టాల్ని ఎంతమందినైనా చేర్చుకోవచ్చు; చేర్చుకునే ముందు వాళ్లకి ఒంట్లో ఎలా ఉందో, కథలో చివరిదాకా బతుకుతారో లేదో కనుక్కుంటే చాలు.