శుభం వైపు తిరిగిన స్క్రూ

సిద్దిపేటలో ఆచారానికి మారుపేరైన బట్టల వర్తకులు రాజలింగంగారు, యుద్ధకాలపు ఒకానొక ఉదయం, తమ సొంత ఇంటి సామాన్ల గదిలో తామే చిక్కుకుపోయినట్లు ఇందుమూలంగా తెలియజేయడమైనది. పరగడుపున ఆముదం తాగి, నోరు బాగుచేసుకోవడానికి బెల్లం ముక్క కోసం లోపలికి వెళ్ళారు. గాలికి తలుపు మూసుకుంది. బయటి గడియ పడి బిగుసుకుంది.

ఇనుము దొరకని రోజులు. గడియ పగలగొట్టే మాటెత్తితే ఆయన ఒప్పుకోలేదు. దాన్ని పట్టి ఉంచింది ఒకే ఒక్క స్క్రూ, అదీ తుప్పు పట్టింది. దుకాణం గుమాస్తా హన్మంతు పేచ్‌కస్ తెచ్చి తిప్పబోయాడు.

"ఎటు తిప్పుతున్నవ్ రా?" అని లోపలి నుంచి గర్జన.

"ఎడమకు, షావుకారూ. ఊడాల్నంటే అటే తిప్పాలె."

రాజలింగంగారు బెల్లం చేతిలో పట్టుకునే ఉపన్యసించారు. "దేవుని సుట్టు ఎటు తిరుగుతం? కుడికి! పెండ్లిల అగ్గి సుట్టు? కుడికి! ఎడమకు తిరిగేది సావు కాడనే. నా పానముండంగ నా ఇంట్ల ఏదీ ఎడమకు తిరగది!"

గడప ముందు చేరిన పెద్దమనుషులు తలలూపారు. హన్మంతు కుడికి తిప్పాడు. స్క్రూ మరింత బిగిసింది. ఆచారం నిలబడినందుకు అందరూ సంతోషించారు.

ఆముదం మాత్రం ఆచారంతో నిమిత్తం లేకుండా తన పని మొదలుపెట్టింది. చుట్టూ చూస్తే మడి పచ్చళ్ళ జాడీలు. రాజలింగంగారికి చెమటలు పట్టాయి. ఉపన్యాసాలు పొట్టివవుతూ చివరికి "పంతులూ, జల్ది!" దగ్గరికి వచ్చాయి.

పురోహితులు లింగమూర్తిగారు కళ్ళు మూసుకుని శాస్త్రమంతా గాలించారు. "అశుభం ఇదివరకే అంటిన చేతికి కొత్తగ అంటేదేముంటది? అనసూర్యను పిలువున్రి."

అనసూర్య రాజలింగంగారి చెల్లెలు. చిన్నతనంలోనే భర్త పోయాడు. శుభకార్యాలప్పుడు ఆమె ముఖం ఎవరికీ కనబడకుండా ఆ ఇల్లు ఎంతో శ్రద్ధ తీసుకునేది. ఆ రోజు మాత్రం సగౌరవంగా వంటింటి వెనక నుంచి పిలిపించారు. ఆమె గిన్నెలో మిగిలిన ఆముదం స్క్రూ మీద పోసి, కాసేపు ఆగి, ఎడమకు తిప్పింది. లోపల పనిచేసిన ఆముదమే బయటా పనిచేసింది. స్క్రూ కిర్రుమని కదిలింది.

ఆ చప్పుడుకు రాజలింగంగారికి ప్రాణం లేచొచ్చింది. దానితోపాటు ఆచారమూ లేచొచ్చింది.

"చెల్లే, జల్ది తిప్పి, తలుపు తెరువకముందే పెరట్లకు పో. బయటికి రాంగనే నీ మొకం సూడొద్దు."

అనసూర్య చేయి ఆగిపోయింది. ఆ మాట ఆమెకు కొత్తది కాదు, అయినా ప్రతిసారీ కొత్తగానే నొప్పి పుట్టేది.

"అట్లనే అన్నా. నీకు అశుభమెందుకు? నేను తిప్పింది నేనే మంచిదిక్కుకు తిప్పి పోత."

స్క్రూను కుడికి తిప్పి, బలంకొద్దీ బిగించి, పేచ్‌కస్ గడప మీద పెట్టి పెరట్లోకి వెళ్ళిపోయింది. ఎంత పిలిచినా రాలేదు. ముఖం చూపకూడదని ఇంటి యజమాని ఆజ్ఞ కదా.

పెద్దమనుషులకు ఆమెలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. లింగమూర్తిగారు ఆమె వినయాన్ని మెచ్చుకుని, ఊళ్ళో ఇంకో విధవ కోసం హన్మంతును పరుగెత్తించారు. అలాంటివాళ్ళకు మన ఇళ్ళలో ఎన్నడూ కొదవ లేదు. లోపలున్న రాజలింగంగారికే వ్యవధి లేదు.