స్నానాల గదికి చీరంచు

బతుకుతెరువుకు వలస వచ్చిన పట్నంలో, ఆ అద్దె ఇంట్లో ఆ రోజు ఉన్నది అయిదుగురు. మగ్గాల మిల్లుకు వారపు సెలవు కాబట్టి మార్కండేయ, అతని భార్య భాగీరథి, తల్లి చిన్నవ్వ, కూతురు నవత, ఇక భాగీరథి తమ్ముడు నరహరి. నరహరి అదే పట్నంలో పాండేసర అనే పేటలో చీరల మీద పూలు అచ్చువేసే మిల్లులో పనిచేస్తాడు. ఇంటి యజమానురాలు కాంతాబెన్ కింది అంతస్తులో ఉంటుంది. కానీ ఆమె గొంతు మాత్రం ఎప్పుడూ పై అంతస్తులోనే ఉంటుంది.

పొద్దున అనుకున్న పని చిన్నదే. ఇరుకు స్నానాల గది టైల్స్‌ను పగలగొట్టకుండా కొత్తవాటిలా చేయాలి. బోరు నీళ్ల ఉప్పు పట్టి అవి పచ్చగా మారిపోయాయి. "తోడ్ కే నయా లగాయేంగే. తుమ్ ఘర్ ఖాలీ కరో" అని కాంతాబెన్ చెప్పేసింది. పగలగొట్టి కొత్తవి వేయిస్తుందట, ఇల్లు ఖాళీ చేయాలట. బార్డోలీలో పెళ్లికి పోతూ మధ్యాహ్నం ఒకసారి పైకి వచ్చి చూస్తానంది.

ఇల్లు పోతే మార్కండేయ, భాగీరథి మిల్లు దగ్గర ఒక్క గదిలో సర్దుకుంటారు. చిన్నవ్వ, నవత ఊరికి పోవాలి. ఊళ్లో బడి పదో తరగతితో ఆగిపోతుంది. ఇక్కడ నవతను పదకొండులో చేర్చి ఇంకా నెల కాలేదు. ఆ మాట పైకి ఎవరూ అనలేదు. నవత అసలే అనదు. ఇంకొంచెం కూర కావాలన్నా గిన్నె వైపు చూడడమే తప్ప అడిగే పిల్ల కాదు.

"ఆసిడ్ పోసి రుద్దుదాం" అన్నాడు మార్కండేయ.

"వద్దు బావా, నున్నగున్నదంత గరుకైతది" అన్నాడు నరహరి. "మరకను కడుగుడెందుకు? దాని మీద పువ్వు కొడితే అయిపాయె! మిల్లుల మేం చేసేది గదే. గుడ్డకు జర మచ్చుంటే మీదికెల్లి పువ్వేస్తం. కొనేటోళ్లకు పువ్వే కనవడ్తది."

"గుడ్డ వేరు, గోడ వేరు గదరా" అంది భాగీరథి.

"గుడ్డ కదుల్తది అక్కా. గోడ కదల్తదా? గోడే అల్కగ!"

నరహరి సైకిల్ మీద పోయి, మిల్లులో పక్కన పడేసిన ఒక పాత అచ్చు చట్రాన్ని, డబ్బా నిండా ఎర్ర రంగును తెచ్చాడు. అది చీరంచుకు మామిడిపిందెలు వేసే చట్రం. నవత దాన్ని గోడకు ఆనించి పట్టుకుంది. నరహరి రంగు పోసి రబ్బరు పట్టీతో ఒక్క గుంజు గుంజాడు. చట్రం తీసి చూస్తే పచ్చటి టైల్స్ మీద నిగనిగలాడే ఎర్రటి మామిడిపిందెల వరుస! భాగీరథి నోటి మీద చేయి పెట్టుకుంది. మార్కండేయ రెండుసార్లు కళ్లు నులుముకున్నాడు. ఆ ఊపులో నరహరి నాలుగు గోడలూ, తలుపు వెనకాల ఉన్న జాగాతో సహా పూర్తి చేశాడు.

"ఆరేదాంక ఎవ్వల్ని లోపటికి పోనియ్యకు బిడ్డా" అని నవతను కాపలా పెట్టి అందరూ అన్నానికి కూర్చున్నారు.

చిన్నవ్వ ముఖం కడుక్కుందామని తువ్వాలు భుజాన వేసుకుని వచ్చింది. నవత లేచి నిలబడి "బాపమ్మా, వద్దు" అంది. ఆ మాట ఆమె పెదవులు దాటిందో లేదో ఆమెకే తెలియదు. చిన్నవ్వ మనవరాలి తల నిమిరి లోపలికి పోయి తలుపు వేసుకుంది. చాలాసేపటికి తృప్తిగా బయటికి వచ్చింది.

"సల్లగున్నదని జరసేపు గోడకు ఒరిగిన. పానం లేసొచ్చింది" అంటూ ఇటు తిరిగింది.

భాగీరథి చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. చిన్నవ్వ తెల్లచీర మీద, మెడ నుంచి నడుము దాకా, ఎర్రటి మామిడిపిందెలు.

"ఏందే, అందరు నా యీపు దిక్కు జూస్తుండ్రు?" కొంగు ముందుకు లాక్కుని చూసుకుంది చిన్నవ్వ. "ఓయమ్మో! మీ మామ సచ్చిపోయినకాన్నుంచి తెల్లది దప్ప కట్టలేదు. గీ వయసుల నాకు పూలచీర కట్టిస్తర్రా? కులపోళ్లు జూస్తే ఏమంటరు?"

నరహరి పరుగున పోయి గోడను ముట్టుకున్నాడు. వేలు ఎర్రబడింది, ముఖం తెల్లబడింది.

"బావా, ఇప్పుడు యాదికొచ్చింది. అచ్చేసినంక గుడ్డను భట్టీలకు పంపుతరు. యేడి తాకితేనే రంగు పక్కా అయితది."

"గీ ముచ్చట పొద్దుగాల యాదికి రాలేదా?"

"భట్టీ కాడ నా డ్యూటీ కాదు గద!"

గోడ మీద చిన్నవ్వ ఆకారంలో ఖాళీ మిగిలింది. దాన్ని మళ్లీ అచ్చువేసి, వేడి కోసం కిరోసిన్ స్టవ్ లోపల పెట్టి వెలిగించారు. గోడ వేడెక్కలేదు గానీ పొగ మాత్రం కిటికీలోంచి ధారాళంగా కిందికి దిగింది.

"ఆగ్! ఆగ్ లగీ!" అని అరుస్తూ, ఇల్లు అంటుకుందనుకుని నీళ్ల బకెట్‌తో మెట్లెక్కింది కాంతాబెన్. పెళ్లికని కట్టుకున్న మీగడ రంగు పట్టుచీర కాలికి తగులుతోంది. ఆ నీళ్లు గోడ మీద పడితే ఇల్లు పోయినట్టే. మార్కండేయ ఎదురు పరుగెత్తి బకెట్‌ను రెండు చేతులా కౌగిలించుకున్నాడు. నరహరి స్టవ్ ఆర్పి బయటికి లాగాడు. భాగీరథి అత్తను వీపు కనపడకుండా బియ్యం డబ్బాకు ఆనించి కూర్చోబెట్టింది.

పొగ పలచబడింది. కాంతాబెన్ గడపలోనే ఆగిపోయి లోపలికి చూసింది. ఆమె గొంతు లేకుండా ఆ ఇల్లు అంతసేపు ఉండడం అదే మొదలు.

"అరే వాహ్!" అంది చివరికి. "రంగ్ పక్కా హై?"

"ఏక్‌దమ్ పక్కా! హాత్ లగాకే దేఖో" అన్నాడు నరహరి. ముట్టుకుని చూడమనడం మిల్లుకొచ్చే బేరగాళ్లతో రోజూ అనే మాట, అలవాటుగా వచ్చేసింది. భాగీరథి తమ్ముడి వైపు కళ్లురిమింది. కాంతాబెన్ చేయి చాపబోయి, పెళ్లి మెహందీ గుర్తొచ్చి వెనక్కి తీసుకుంది.

"నహీ, భరోసా హై" అంది, నమ్మకముందని. టైల్స్ పగలగొట్టనంది. ఖాళీ చేయవద్దంది. నవత గడ్డం పట్టుకుని, "ఛోకరీ కో యహీ పఢావో" అంది. పిల్లను ఇక్కడే చదివించమనే మాటకు భాగీరథి కళ్లు తుడుచుకుంది. నవత ఆనందం పట్టలేక తన కాలివేళ్లు చూసుకుంది.

"దర్వాజే కే పీఛే భీ హై?" తలుపు వెనకాల కూడా వేశారా అని అడిగింది కాంతాబెన్, వెళ్లబోతూ.

"వహీ తో సబ్ సే అచ్ఛా హై" అన్నాడు నరహరి, అన్నిటికంటే అదే బాగుందని చెప్పకుండా ఆగలేక.

అది చూడాలంటే లోపలికి పోయి తలుపు మూయాలి. కాంతాబెన్ పట్టుచీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని లోపలికి అడుగుపెట్టింది. మార్కండేయ బకెట్‌ను ఇంకా గట్టిగా కౌగిలించుకున్నాడు. నవత ఒక్క ఉరుకున గడప దగ్గరికి పోయింది.

"బెన్! రంగ్ కచ్చా..." అని పుట్టిన తర్వాత మొదటిసారి గట్టిగా అరిచింది.

తలుపు ఆమె ముఖం మీదే మూసుకుంది.

లోపల తలుపు వేసుకున్నాక గోడకు రాసుకోకుండా వెనక్కి తిరగడం ఇంతవరకు ఆ ఇంట్లో ఎవరికీ చేతకాలేదు.