మంత్రిగారు కేబులు రద్దు చేసుకున్న విధం

ఇకమీదట ఈ దేశంలో ఏ పౌరుడూ తన ఫోనుకి గానీ, కేబులుకి గానీ బానిసగా బతకనక్కరలేదని సమాచార శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం ప్రకటించారు. ఆ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు వణికింది. ఆ వణుకు మైకుది కాదని నేను ప్రమాణం చేసి చెప్పగలను, ఎందుకంటే ఆ మైకు నాది. మంత్రిగారి సభ ఎక్కడ జరిగినా మైకు సెట్టు నేనే పెడతాను. చరిత్రకి ఇంత దగ్గరగా నిలబడి వైర్లు చుట్టుకునే భాగ్యం అందరికీ దక్కదు.

పథకం పేరు 'బంధ విముక్తి'. ఫోను కంపెనీలూ, కేబులు కంపెనీలూ జనంతో చేయించుకునే కాంట్రాక్టులన్నీ ఇక చెల్లవు. ఎవరికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వదిలేసి పోవచ్చు.

"రెండేళ్ళ కాంట్రాక్టంటారు! సంతకం పెట్టించుకుంటారు! మధ్యలో వెళ్ళిపోతానంటే జరిమానా కట్టమంటారు! ఇదేమన్నా పెళ్ళా?" అని మంత్రిగారు గర్జించారు.

ముందు వరుసలో కూర్చున్న మంత్రిగారి భార్య తలెత్తి చూశారు. మంత్రిగారు ఆ పోలికని అక్కడితో ఆపేసి గణాంకాల్లోకి వెళ్ళిపోయారు.

చివర్లో ప్రశ్నలకి అవకాశం ఇచ్చారు. అది పొరపాటు. కళ్ళజోడు విలేకరి ఒకాయన లేచి, "సార్, తమరింట్లో ఏముంది? కాంట్రాక్టా, కాంట్రాక్టు లేనిదా?" అని అడిగాడు.

మంత్రిగారు పీఏగారి వైపు చూశారు. పీఏగారు సీలింగు ఫ్యాను వైపు చూశారు.

"కాంట్రాక్టే. రెండేళ్ళది," అంది అమ్మగారి కంఠం ముందు వరుసలోంచి. "నేనే తీసుకున్నాను. ఫోనూ, కేబులూ కలిపి చవగ్గా వచ్చింది. సీరియల్సన్నీ వస్తాయి."

మరొకరైతే తడబడేవారు. మంత్రిగారు బల్ల గుద్దారు. "రేపు ఉదయం, మా ఇంట్లో, మీ అందరి ముందూ ఆ కంపెనీకి నేనే స్వయంగా ఫోన్ చేసి ఆ కాంట్రాక్టుని తెంచేస్తాను. లైవ్‌లో చూపించుకోండి!" అన్నారు. బల్ల గుద్దిన చప్పుడుకి నా స్పీకరు ఒకటి కీచుమంది.

ఆ కంపెనీలోనే మా చెల్లెలు పనిచేస్తుంది. అది కూర్చునే చోటుని 'నిలుపుదల విభాగం' అంటారు. కనెక్షను వద్దు మొర్రో అని ఫోన్ చేసినవాళ్ళని తియ్యగా మాట్లాడి వెళ్ళకుండా ఆపడం దాని పని. చాలా బాగా ఆపుతుంది. దాన్ని మాత్రం ఆ కంపెనీ ఏ కాంట్రాక్టుతోనూ ఆపలేదు. మర్నాడు రావాలో అక్కర్లేదో ప్రతి సాయంత్రం ఫోనుకి మెసేజీ వస్తుంది. అందుకని దానికెవరూ ఇల్లు అద్దెకివ్వరు. అదీ, దాని కూతురూ నా ముందు గదిలో ఆంప్లిఫయర్ల మధ్య సర్దుకుని పడుకుంటారు.

ఒకసారి, నేను కేబులు పెట్టించుకుందామని, కాంట్రాక్టు మంచిదా, లేనిది మంచిదా అని అడిగాను.

"కాంట్రాక్టు ఉంటే రేటు మారదన్నయ్యా, కానీ నువ్వూ మారకూడదు. లేకపోతే నువ్వు ఎప్పుడైనా మారొచ్చు, వాళ్ళూ రేటు ఎప్పుడైనా మార్చొచ్చు. పైగా టీవీకి పెట్టే డబ్బా పూర్తి ఖరీదు పెట్టి కొనుక్కోవాలి."

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"రేడియో విను."

సోమవారం సాయంత్రం అది పరుగులాంటి నడకతో ఇంటికొచ్చింది. మేనేజరు తన అద్దాల గదిలోకి పిలిచి కుర్చీ చూపించాట్ట. మంత్రిగారి ఫోను దానికే కలుపుతారట. ఆయన్ని ఆపకుండా నిమిషంలో వదిలెయ్యాలట. కంపెనీ ఎంత మంచిదో దేశమంతా చూడాలట.

"వదిలేస్తే నాకు పర్మినెంటు ఆర్డరు ఇస్తామన్నారన్నయ్యా! నేను వస్తూ వస్తూ, మొన్న అద్దెకి చూసిన ఆ మేడమీద గది ఇల్లుగలావిడకి చెప్పేసి వచ్చాను. ఆర్డరు చూపిస్తే తాళం ఇస్తానంది."

"వదలకపోతే?"

"ఎల్లుండి నుంచి రావద్దట. దానికి ఆర్డరు కూడా ఉండదు."

"ఆపడం కష్టంగానీ వదలడానికేముంది?"

"అదే చిక్కు. రద్దు బటన్ తెరమీద ఊరికే రాదు. నేను మూడు ఆఫర్లు చెప్పాలి. మూడింటికీ ఆయన 'వద్దు' అనాలి. ఆ మాట నోటితో అంటేనే మిషను ఒప్పుకుంటుంది. ఏమీ అనకుండా ఊరుకుంటే ఒప్పుకున్నట్టే లెక్క."

"ఆ ఒక్కరోజుకీ దాన్ని మార్చమనకపోయావా?"

"అన్నాను. సాఫ్ట్‌వేర్ చేసినవాళ్ళతో కాంట్రాక్టు ఉందట, ఏమీ మార్చడానికి లేదట."

"పోనీలే. మూడుసార్లు వద్దంటాడు, అంతేగా!"

"అంతేగా," అంది చెల్లెలు. ఇద్దరం నిశ్చింతగా అన్నం తిన్నాం. మా వంశంలో ఎవరికీ రాజకీయానుభవం లేదు.

మర్నాడు మంత్రిగారి ముందుగదిలో మైకులు బిగిస్తూ ఈ సంగతి పీఏగారి చెవిన వేశాను. ఆయన మొహం తెల్లగా పాలిపోయింది.

"మూడుసార్లా! ఇరవై ఏళ్ళుగా సార్ దగ్గర చేస్తున్నానయ్యా. ఆ మాట ఆయన నోట ఒక్కసారి కూడా నేను వినలేదు. రోడ్డు వెయ్యమని వచ్చినవాళ్ళకీ తప్పకుండా అన్నారు. ఆ రోడ్డు వెయ్యొద్దని వచ్చినవాళ్ళకీ తప్పకుండా అన్నారు. మరి అన్నిసార్లు ఊరికే గెలుస్తారా?"

వెంటనే రిహార్సల్ మొదలుపెట్టారు. పీఏగారు టీవీ రిమోటు చెవికి ఆనించుకుని ఆడగొంతుతో, "సార్, మీకు మూడు నెలలు ఉచితంగా ఇస్తాం, కావాలా?" అన్నారు.

"పరిశీలిస్తాం," అన్నారు మంత్రిగారు.

"అలా కాదు సార్. వద్దు అనాలి."

"తప్పకుండా."

"తప్పకుండా కాదు సార్, వద్దు! ఏదీ, ఒక్కసారి అనండి."

"అంటామయ్యా. తగిన సమయంలో అంటాం."

పీఏగారు బతిమాలారు. మంత్రిగారు కళ్ళు మూసుకుని, పిడికిళ్ళు బిగించి, "వ..." అన్నారు. నుదుటి మీద చెమటలు పట్టాయి. అక్కడ ఆగిపోయారు. అమ్మగారు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చారు.

"ఆయన్నెందుకలా హింస పెడతారు? మొదట్నించీ అంతే. పెళ్ళైన కొత్తలో మా అన్నయ్య స్కూటరు అడిగితే తీసుకెళ్ళమన్నారు. ఆ స్కూటరు పక్కింటాయనది," అన్నారు.

ప్రజలకి అడ్డు చెప్పలేని ఇంతటి మెత్తని మనసు నాయకుడిలో ఉండడం దేశం చేసుకున్న అదృష్టం. కానీ ఆ మనసు మీద మా చెల్లెలి మేడమీద గది ఆధారపడి ఉంది.

కెమెరాలు వెలిగాయి. మంత్రిగారు నంబరు నొక్కారు. ఫోను నా స్పీకర్లకి కలిపాను. కాసేపు సంగీతం వినిపించి, ఆ తర్వాత నాకు బాగా తెలిసిన గొంతు వచ్చింది.

"నమస్కారం సార్. చెప్పండి, మీకు ఏ విధంగా సాయపడగలను?"

"అమ్మా, నేను సమాచార మంత్రిని. నీ కాంట్రాక్టు సంకెళ్ళు తెంచుకోవడానికి వచ్చాను."

"చాలా సంతోషం సార్. ఇప్పుడే తెంచేస్తాను. దానికి ముందు రూలు ప్రకారం మూడు ఆఫర్లు చెప్పాలి, మీరు వద్దంటే చాలు. మొదటిది, మూడు నెలలు ఉచితం. మీకు వద్దు కదా సార్?"

దాని గొంతులో ఆ 'కదా' ఎంత ఆశగా పలికిందో నాకు తెలుసు. మంత్రిగారు కెమెరా వైపు చూశారు. కెమెరా వెనకాల కోట్లాది ఓటర్లు ఆయనకి కనపడ్డారనుకుంటాను.

"ఉచిత పథకాలకి మా ప్రభుత్వం ఎప్పుడూ అనుకూలమే," అన్నారు.

స్పీకర్లో టింగుమని శబ్దం వచ్చింది. "సార్... అది ఒప్పుకున్నట్టు పడిపోయింది సార్. ఫర్వాలేదు, దాన్ని తర్వాత ఎలాగో తీసేయిస్తాను. ఈసారి దయచేసి ఒక్క మాటే అనండి. రెండోది, ఇంకో గదికి ఇంకో కనెక్షను. వద్దు కదా సార్?"

"వంటింట్లో పెట్టించండి!" అన్నారు లోపల్నుంచి అమ్మగారు.

పీఏగారికి ఒక ఉపాయం తోచింది. అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో 'వద్దు' అని రాసి కెమెరాల వెనక నిలబడి ఎత్తి పట్టుకున్నారు. మంత్రిగారు అది చదివారు. చదివి, చెప్పబోతున్నది ఏదో ఆపేసి, బుద్ధిగా నోరు మూసుకున్నారు. పీఏగారు వద్దన్న పని ఆయన ఎన్నడూ చెయ్యలేదు.

గదిలో గోడగడియారం వినపడింది. మళ్ళీ టింగుమంది.

"సార్, మాట్లాడండి సార్!" అంది చెల్లెలు. "ఇదొక్కటే మిగిలింది సార్. ఇది వద్దన్నా చాలు, నేనెలాగోలా సర్దుకుంటాను. మీకో దండం పెడతాను. మూడో ఆఫరు, రెండేళ్ళ బదులు ఐదేళ్ళ కాంట్రాక్టు."

మంత్రిగారి మొహం ఒక్కసారిగా వికసించింది. "ఐదేళ్ళా?"

"ఐదేళ్ళు సార్."

"పూర్తిగా ఐదేళ్ళు? మధ్యలో ఎవరూ కదపడానికి లేదూ?"

"లేదు సార్. అందుకే వద్దని..."

"పైనుంచి ఎవరైనా ఫోన్ చేసి తీసెయ్యమన్నా తియ్యరూ?"

"తియ్యరు సార్, అదే ఇబ్బంది..."

"ఇచ్చెయ్యమ్మా!" అన్నారు మంత్రిగారు. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆయన రాజకీయ జీవితంలో ఇంత గట్టి హామీ ఇచ్చినవాళ్ళు లేరు. కొంచెం వంగి, గొంతు తగ్గించి, "పదేళ్ళది లేదూ?" అని అడిగారు. గొంతు తగ్గించినా మంచి మైకు కాబట్టి దేశమంతా విన్నది.

ఆ రోజంతా పార్టీ ఆఫీసులో ఏం జరిగిందో నాకు తెలియదు. సాయంత్రానికి పీఏగారి ప్రకటన వచ్చింది. కాంట్రాక్టుల ఉచ్చు ఎంత ప్రమాదకరమో ప్రజల కళ్ళు తెరిపించడానికి మంత్రిగారు ఉద్దేశపూర్వకంగా, తన సొంత ఇంటిని పణంగా పెట్టి, ఆ ఉచ్చులో దిగి చూపించారట. పేపర్లు 'త్యాగం' అని రాశాయి. అధిష్ఠానం ముచ్చటపడి, ఇంతటి త్యాగశీలి చిన్న శాఖలో ఉండకూడదని ఆయన్ని కార్మిక శాఖకి మార్చింది. బంధ విముక్తి పథకాన్ని వివరంగా పరిశీలించడానికి ఒక కమిటీ వేశారు. కాంట్రాక్టులు మాత్రం యథాతథం.

మా చెల్లెల్ని కంపెనీ తీసెయ్యలేదు. తీసేస్తుందేమోనని మేమిద్దరం ముద్ద దిగక కూర్చుంటే, మేనేజరే ఫోన్ చేసి నవ్వాడు. మంత్రిగారంతటివాణ్ణి లైవ్‌లో ఐదేళ్ళకి ఆపిందట కదా, అంతకి మించిన ప్రచారం ఏముంటుంది? ఆ సంభాషణనే ప్రకటనగా వేసుకుంటున్నారట. దాని గొంతు దేశమంతటికీ తెలిసిపోయింది.

"మరి నా ఆర్డరు సార్?" అని అడిగింది.

"టైపవుతోందమ్మా!" అన్నాడు.

వారం తిరక్కుండా కార్మిక మంత్రిగా ఆయన మొదటి సభ. పీఏగారు స్వయంగా మా ఇంటికి వచ్చారు. "నీ విషయం సార్ దృష్టిలో ఉందమ్మా. స్టేజి మీద సార్ చేతుల మీదుగా జరుగుతుంది. నీట్‌గా తయారై రా," అన్నారు. చెల్లెలు ఇస్త్రీ చేసిన బట్టలు కట్టుకుంది. దారిలో ఇల్లుగలావిడ దగ్గర ఆగి, సాయంత్రం దాకా గది ఎవరికీ ఇవ్వొద్దని చెప్పి వచ్చింది. కూతురు అప్పటికే పుస్తకాలు సంచిలో సర్దేసుకుంది.

మంత్రిగారు లేచి మైకు ముందుకి వచ్చారు.

"ఇకమీదట ఈ దేశంలో ఏ కార్మికుడూ తన ఉద్యోగానికి బానిసగా బతకనక్కరలేదు! కాంట్రాక్టంటూ, పర్మినెంటంటూ మనిషిని ఒక కుర్చీకి కట్టిపడేస్తారా? ఇక అవేవీ ఉండవు! కార్మికుడికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు వెళ్ళిపోవచ్చు, యజమానికి ఎప్పుడు బుద్ధి పుడితే అప్పుడు పంపించెయ్యొచ్చు. ఇద్దరూ సమానమే!"

చప్పట్లు. కంపెనీల వాళ్ళు కూర్చున్న వరుస లేచి నిలబడి కొట్టింది. మేనేజరు వాళ్ళలోనే ఉన్నాడు.

"ఈ స్వేచ్ఛ అందుకుంటున్న మొట్టమొదటి కార్మికురాలు, దేశమంతా గొంతు గుర్తుపట్టే మన చెల్లెమ్మ! రామ్మా, రెండు మాటలు చెప్పు!"

చెల్లెలు స్టేజి ఎక్కింది. చేతికి పూలగుత్తి ఇచ్చారు. అది దాన్ని తిప్పి, కింద కాగితమేమన్నా ఉందేమోనని చూసింది. తర్వాత మైకు దగ్గరికి వచ్చింది.

"సార్, నాకు పర్మినెంటు ఆర్డరు ఇస్తామన్నారు. ఇల్లుగలావిడ సాయంత్రం దాకా ఆగుతానంది. మీరేమో ఇప్పుడు..."

పీఏగారు నా వైపు చూసి ఒక్క వేలు ఎత్తారు. నాకూ మంత్రిగారికీ మధ్య రాతకోతలేవీ లేవు. ఆ వేలు చూసి పనిచేస్తేనే తర్వాతి సభకి పిలుపు వస్తుంది. నేను మీట తిప్పాను.

మా చెల్లెలి పెదాలు కదులుతూనే ఉన్నాయి. జనం అవి కృతజ్ఞతలనుకుని చప్పట్లు మొదలుపెట్టారు. అది మైకుని వేలితో తట్టి చూసింది. పలకలేదు. స్టేజి మీంచి నా కోసం వెతికి, మైకు చెడిపోయింది కాస్త చూడన్నయ్యా అన్నట్టు చెయ్యి ఊపింది.

నేను వంగి, బాగానే ఉన్న వైరుని సరిచెయ్యడం మొదలుపెట్టాను.