వెల్లకిలా పడ్డ శంఖం బోర్లా తిరిగిన పర్వం

దినమణి నడినెత్తిని దాటి పడమటి వాలునకు దిగిన వేళ, అనగా గోడగడియారము రెండున్నర చూపుచున్న వేళ, ఆ గడియారము పది నిమిషములు ముందు నడచునని అందరెరిగియు సరిచేయు నాథుడు లేని ఆ సాగరజీవ ప్రదర్శనశాలయందు, మెట్లపక్క మూడవ గాజుతొట్టిలో, గాలిమోటారు గుడగుడల నడుమ, ఒక మహావీరుడు వెల్లకిలా పడియుండెను. శ్రోతలారా, ఫోనులు లోపల పెట్టుడు. ఇది ఒక ప్రాణము సంగతి.

ఆ వీరుడు శంఖము. ఊదుకొను ఖాళీ గుల్ల కాదు, లోపల ఆసామి ఉన్న శంఖము. సముద్రజలమందలి సున్నమును ఒడిసిపట్టి, తన మేని పైపొరతో పూతమీద పూత పూసి, నడిమి స్తంభము చుట్టూ మెలికలు తిరుగు కోటను మేస్త్రీని పిలువకయే కట్టుకొని, పుట్టినది మొదలు అందే కాపురముండు స్వయంనిర్మితదుర్గాధీశుడు, కాడల కొసలందు కన్నులు గల దీర్ఘనేత్రనాళుడు, కోట అంచున ఆ కంటికొరకే ఏర్పరచుకొన్న నొక్కులోనుండి లోకమును తొంగిచూచు గవాక్షవీక్షకుడు, ఏకపాదుడు, ఆ పాదాగ్రమున కొడవలి వంటి కొమ్ముగోరు దాల్చిన నఖాయుధుడు. తక్కిన నత్తలు జిగురు పరచుకొని దానిమీద పాకును. ఈ వంశమువారికి పాకుట నామోషీ. గోటిని ఇసుకలో గ్రుచ్చి, కాలు బిగించి, ఒక్క తోపు తోసి, కోటతో సహా ముందుకు గెంతుదురు.

ఇంతటివాడు ఎట్లు కూలెననిన, శత్రువు చేత కాదు, ప్రేమ చేత. ముప్పది యేండ్లుగా ఆ శాలలోని అద్దాల బీరువాలలో ఖాళీ గుల్లలను తుడుచు వృద్ధుడొకడు కలడు. అందరికీ అతడు బీరువాల బాబాయి. ఆ పొద్దు తొట్లు చూచు ఆమె, అందరి నోటను తొట్ల అక్క, సగము రోజు సెలవు పెట్టగా, పాపము సాయము చేయుదమని బాబాయి మూడవ తొట్టిని కడిగెను. నాచు పట్టిన ఇసుకను తీసి బకెట్టులో పోసెను. శంఖమును గుడ్డతో మెరయ తుడిచి, బీరువాలో పెట్టినట్లే గులాబిరంగు నోరు పైకి కనబడునట్లు, నున్నని పలకమీద పడుకోబెట్టెను. రెండడుగులు వెనుకకు వేసి, బాగున్నదనుకొని టీకి పోయెను.

ఒంటిగంటకు ఆ శాలను ఏలు పెద్ద మేడమ్ వచ్చి చూచెను. కదలిక లేదు. పోయినదని నిశ్చయించి, మూడింటికి వేడినీళ్లలో వేసి లోపలిది తీయించుడనియు, గుల్లను బీరువాలో పెట్టుడనియు ఆజ్ఞాపించెను. రెండున్నరకు అక్క వచ్చునప్పటికి నీళ్లు పొయ్యిమీద నుండెను.

"బాబాయ్! దీన్నిలా ఎవరు పెట్టారు?"

"నేనేనమ్మా. నోరు పైకుంటేనే కదా అందం."

"అందమా నా మొహమా! ఇల్లు వీపుకి కట్టి నిన్ను వెల్లకిలా పడేస్తే తెలిసేది. మేడమ్, ఇది బతికే ఉంది. తిప్పేస్తాను, చూడండి."

"చేత్తో తిప్పితే చచ్చింది కూడా తిరుగుతుందమ్మా," అనెను మేడమ్. "దానంతట అది తిరగాలి. మూడింటి దాకా చూద్దాం."

బాబాయి మొగము పాలిపోయెను. "బతికుందా? నేను చేసిన పనా ఇది?" అని అద్దమునకు ముక్కు ఆనించి నిలిచెను.

అంతట, ఆహా, కోటద్వారమున కొమ్ముగోరు తళుక్కుమనెను! మెత్తని దేహము సాగి, కోట అంచు మీదుగా వంగి, పలకను తాకెను. గోరు గీసెను, జారెను. మరల గీసెను, మరల జారెను. వీరుడు నోరు విప్పలేదు, విప్పియుండినచో నిస్సంశయముగా ఇట్లు గర్జించియుండును: "ఓరీ నున్నని పలకా! సముద్రగర్భమున ఇసుకమేటలను చీల్చిన ఈ నఖమునకు పిసరంత పట్టు ఈయవా? కాలు ఊననీయకుండ పోరాడుట ఏ మగతనమురా? నాకు రాజ్యము వలదు, గుప్పెడు ఇసుక ఉన్నదా చెప్పు!"

అయిదుమార్లు గోరు జారెను. ఆరవమారు దేహము లోపలికి ముడుచుకొని పోయెను. గడియారము మూడు కొట్టెను. మేడమ్ నిట్టూర్చి గరిటె కొరకు చేయి చాచెను.

"అది పది నిమిషాలు ముందుంటుంది మేడమ్!" అని అరచెను బాబాయి. ఆ గడియారమును గూర్చి ముప్పది యేండ్లలో అతడాడిన మొదటి మాట అదియే.

అక్క నెత్తి కొట్టుకొనెను. "పలక జారుతోంది! మేడమ్, ఇసుక వేయనా? ఇసుక చెయ్యి కాదుగా."

మేడమ్ బకెట్టు వంక చూచెను. "తొట్టిలో ఉండాల్సిన ఇసుకేగా. వేయండి."

బాబాయి బకెట్టును పరుగున తెచ్చి, చంటిబిడ్డకు పక్క వేసినట్లు, కోట పక్కన గుప్పెళ్లతో ఇసుక పరచెను. నాలుగు నిమిషములు ఏమియు జరుగలేదు. అక్క గోళ్లు కొరికెను. అయిదవ నిమిషమున గోరు మెల్లగా వెలికివచ్చి, వంగి, వెదకి, ఇసుకలో దిగెను. దిగి నిలిచెను! ఏకపాదము బిగిసెను. కోట ఒరిగెను, ఊగెను, టప్పున బోర్లా పడెను.

ఇసుకధూళి అణగిన పిదప నొక్కులోనుండి ఒక కన్ను బయటికి వచ్చి, ముందు అక్కను, తరువాత బాబాయిని చూచెను. పిదప ఒక్క గెంతు. కొలిచినచో నాలుగు వ్రేళ్ల దూరము.

"పొయ్యి ఆపేయండి," అనెను మేడమ్.

అక్క కండ్లు తుడుచుకొనుచుండగా బాబాయి తాళపుగుత్తి తీసి బీరువాల వైపు నడచెను. ఒక్కొక్క తలుపు తెరచి, ఒక్కొక్క ఖాళీ గుల్లను రెండు చేతులతో ఎత్తి, బోర్లా తిప్పి పెట్టసాగెను.

"అలా పెడితే నోళ్లు కనపడవు కదా బాబాయ్ గారూ?"

"పోనీండి మేడమ్," అనెను అతడు, మరియొక గుల్లను ఎత్తుచు. "ముప్పై ఏళ్లు వెల్లకిలా ఉంచాను. ఇకనైనా సరిగ్గా ఉండనీండి."

అట్లు ఆ దినమున ఒక వీరుడు నాలుగు వ్రేళ్ల భూమండలమును జయించెను; నలుబదిమూడు ఖాళీ గుల్లలు బోర్లా తిరిగెను. గడియారమును సరిచేయుదమను మాట అటుపిమ్మట ఆ శాలలో ఎవ్వరును ఎత్తలేదు.