ఎవరూ తొక్కని చోటు

ఆ శుక్రవారం నవ్య ఒక్కతే కారు నడుపుకుంటూ యూనివర్సిటీకి వెళ్లాలి. లైసెన్సు వచ్చి మూడు నెలలైంది. ఇన్నాళ్లూ పక్క సీట్లో నాన్న, వెనక సీట్లో హనుమాన్ చాలీసాతో అమ్మ. వారం రోజులు అలిగి, రెండు పూటలు అన్నం మానేసి సాధించుకున్న శుక్రవారమిది. తార్నాకలోని ఫ్లాటు నుంచి కెమిస్ట్రీ ల్యాబుకు పది నిమిషాల దారి. ఆ పది నిమిషాల్లో జరగగల ఘోరాలను తల్లి లలిత ఇరవై రకాలుగా ఊహించి పెట్టుకుంది.

తెల్లవారగానే, ఎవరూ లేవకముందే, ఆమె చెంబుడు ఉప్పునీళ్లతో కిందికి దిగింది. నాలుగు నెలల క్రితం ఆ పాత కారు కొన్నప్పటి నుంచీ శుక్రవారం శుక్రవారం దానికి దిష్టి తీస్తోంది. మూడుసార్లు తిప్పి, చెంబు ఖాళీ చేసి, తేరిపార చూసింది. పోయిన నెల బానెట్ మీద ఒక్క బుడగ ఉండేది. ఇప్పుడు పెయింటు అమ్మవారు పోసినట్టు పొంగి ఉంది. ఒక బుడగను గోటితో గిల్లింది. లోపల తెల్లటి పొడి.

ఐదు నిమిషాల్లో ఇల్లంతా పార్కింగులో నిలబడింది.

"ఎవరో విబూది చల్లిపోయినారు," అంది లలిత.

"పెయింటు కింద విబూది ఎట్ల చల్లుతారే?" అన్నాడు భర్త చెన్నకేశవులు.

"చేసేటోళ్లకు అదొక పెద్ద పనా?"

"అమ్మా, అది తుప్పు," అంది నవ్య. "అల్యూమినియం తుప్పు. నా పీహెచ్‌డీ దాని మీదే."

"తుప్పు ఎర్రగుంటాది. ప్రొద్దుటూరులో బోరింగు కొట్టి పెరిగినదాన్ని, నాకు చెప్పొద్దు."

వాచ్‌మన్ దయాకర్ గంభీరంగా ముందుకొచ్చాడు. "అయస్కాంతం పెట్టి చూడున్రి మేడం. అసలు రేకైతే అతుక్కుంటది."

ఫ్రిజ్ మీది వినాయకుడి బొమ్మను తెచ్చి బానెట్‌కు పెట్టారు. జారి కింద పడింది. మళ్లీ పెట్టారు. మళ్లీ పడింది.

"చూసినారా? దేవుడే నిలబళ్లేదు దాని మీద. బిడ్డనెట్ల పంపేది?"

"అల్యూమినియానికి అయస్కాంతం అతుక్కోదమ్మా!"

"అంటే వంటగిన్నెల రేకు అంటగట్టినారు మీ నాయనకు. దోవలో అది లేసొచ్చి అద్దం మీద పడితే?"

చెన్నకేశవులు ముఖం చిన్నబోయింది. లలిత వద్దన్నా ఏరికోరి ఆ కారు తెచ్చింది తనే. "నీకు నా మాటా వద్దు, బిడ్డ మాటా వద్దు. పా, నవ్య వాళ్ల ప్రొఫెసర్నే అడుగుదాం," అన్నాడు.

బయల్దేరే ముందు లలిత బుడగలన్నిటికీ పసుపు పట్టించి, వైపరు సందున వేపరెమ్మ గుచ్చింది. దారికి ఉంటుందని రాళ్లుప్పు పొట్లం హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది. ఒంటరిగా వెళ్లాల్సిన నవ్య, అమ్మానాన్నలను ఎక్కించుకుని ఊరేగింపుగా బయల్దేరింది.

క్యాంపస్ గేటు దగ్గర సెక్యూరిటీ అతను కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఏంది సార్, బోనాలకు ఇంకా టైమున్నది గదా?"

నవ్య స్టీరింగు వెనక సగం దాక్కుంది.

ప్రొఫెసర్ సుందరరావు తన కొత్త కారు పార్కు చేసి దిగుతూ వీళ్లకు దొరికిపోయాడు. కళ్లద్దాలు పైకి నెట్టి, పసుపు తుడిచి చూశాడు.

"తుప్పేనండీ. మీ అమ్మాయి చెప్పలేదూ?"

"చెప్పింది సార్. ఇంట్లో మనిషి చెప్తే ఎట్ల నమ్మేది?" అంది లలిత.

"కంగారేం లేదు. ఎక్కడో గీత పడి, అందులోంచి ఉప్పునీళ్లు పెయింటు కిందికి దిగాయి. పెయింటు గీకించి, ఈ పొడంతా తీయించి, అల్యూమినియానికి పట్టే ప్రైమరు కొట్టించి రంగేయించండి. కాచిగూడలో నాకు తెలిసిన షెడ్డుంది. ఒక్కటే అర్థం కావట్లేదు. సముద్రం ఒడ్డునుండే కార్లకి ఇలా అవుతుందండీ. తార్నాకలో సముద్రమెక్కడిది?"

"గీత మాత్రం కారు పూజనాడు కొబ్బరిచిప్ప ఎగిరి తగిలి పడింది సార్," అన్నాడు చెన్నకేశవులు.

"మా జాగ్రత్తలో ఏ లోపమూ లేదు సార్," అందుకుంది లలిత. "వారం వారం ఉప్పుతో దిష్టి తీస్తా. పోయిన నెల బుడగ కనపడినాక రెండింతలు వేస్తాండా. ఆ నీళ్లు గూడా ఎవురూ తొక్కని చోట చూసే పోస్తా. గేటు కాడ పోస్తే దయాకర్ అరుస్తాడు. మెట్ల కాడ పిల్లోళ్లు. మొత్తం అపార్ట్‌మెంటులో ఎవురూ తొక్కని చోటంటే..."

ఆగిపోయింది. అందరి చూపులూ బానెట్ మీద ఆగాయి.

"అమ్మా!" అంది నవ్య. "ల్యాబులో నాలుగేళ్లుగా నేను చేస్తున్న ప్రయోగం నువ్వు నాలుగు నెలల్లో చేసేశావు కదే!"

సుందరరావు దగ్గొచ్చినట్టు పక్కకు తిరిగాడు. చెన్నకేశవులు మాత్రం నాలుగు నెలల్లో తొలిసారి తల ఎత్తుకుని నిలబడ్డాడు.

"షెడ్డుకి నేనే తీసుకెళ్తా. ఒక్కదాన్నే," అంది నవ్య.

పది నిమిషాల దారి కాదు, కాచిగూడ ట్రాఫిక్! లలిత నోరు తెరిచింది. బానెట్ కనిపించింది. నోరు మూసుకుంది. బ్యాగులోంచి గుప్పెడు రాళ్లుప్పు తీసి, కూతురి చుట్టూ మూడుసార్లు తిప్పి, "నిదానంగా పో, నాయనా," అని మాత్రం అంది.

కారు మలుపు తిరిగి కనుమరుగైంది. లలిత గుప్పిట్లో ఉప్పుతో, ఎవరూ తొక్కని చోటు కోసం చుట్టూ చూసింది.

సుందరరావు వెళ్లి తన కారుకు అడ్డంగా నిలబడ్డాడు.