గంజిని తినే సర్కారీ క్రిములు

ఫస్లీ పదమూడు వందల యాభై రెండులో, అంటే పెద్ద యుద్ధం జరుగుతున్న రోజుల్లో, శంషాబాద్ చుట్టుపక్కల గ్రామాల్లో వ్యర్థపదార్థం పుష్కలంగా ఉన్నట్టు సర్కారు వారు కనుగొన్నారు. అంతవరకు ఆ సంగతి ఊళ్లవాళ్లకే తెలియదు. చొప్పను పశువు తినేది, పశువు వదిలింది పొయ్యిలోకి పోయేది, పొయ్యి వదిలిన బూడిదతో గిన్నెలు తోముకునేవాళ్లు. తవుడు బర్రె తాగేది, కరువొస్తే మనిషి తాగేవాడు. ఇలా ఏదీ మిగలకుండా బతుకుతూ, వ్యర్థమంటే ఏమిటో ఎరగని అజ్ఞానంలో జనం మునిగి ఉండగా దండోరా పడింది. తవుడు, పొట్టు, చొప్ప ఇకమీదట వ్యర్థములుగా పరిగణింపబడును. వాటిని పశువులకు పెట్టి వ్యర్థపరచువారు శిక్షార్హులు.

కారణం లేకుండా సర్కారు ఏ పనీ చేయదు. మిల్లుల్లో నూలు తెగకుండా గంజి పట్టించి నేస్తారు. నేశాక ఆ గంజి వదిలితే గాని బట్టకు ఖాకీ రంగు అంటదు. గంజి వదిలించే మందు ఓడల మీద వచ్చేది, యుద్ధం వచ్చి ఓడలు ఆగిపోయాయి. అయితే ఉడికించిన తవుడు మీద ఒక జాతి సూక్ష్మక్రిమిని పెంచితే, అది వదిలే రసం గంజిని తినేస్తుందట. విలాయత్‌లో ఈ విద్య చదివి వచ్చిన నసీరుద్దీన్ గారి చేతుల మీదుగా తొండుపల్లి శివార్లలో నాలుగు రేకుల షెడ్లు పెట్టి, దానికి కర్మాగారం అని పేరు పెట్టారు. గంజి తాగి బతికే జనం మధ్య గంజిని తినే క్రిములను పోషించాలన్న ఆలోచన ఎవరిదో గాని, ఆ మహానుభావునికి దండం పెట్టాలి.

తొండుపల్లి జంగమ్మకు మొగుడు లేడు, పొలం లేదు, ఒక చూడి బర్రె ఉంది. అది ఈనేదాకా దాన్ని నిలబెట్టుకుంటే పాలమ్ముకుని ఆమె నిలబడుతుంది, లేకపోతే లేదు. బర్రె తినేదంతా వ్యర్థమై కర్మాగారానికి పోయింది గనుక, జంగమ్మ కూడా దాని వెంటే పోయి కూలికి కుదిరింది. తట్టల్లో తవుడు పరచడం, నీళ్లు చిలకరించడం ఆమె పని. రసం పిండాక మిగిలిన పిప్పిని భూమిలో పూడ్చాలని నిబంధన. జంగమ్మ దాన్ని రోజూ కొంగున కట్టుకుపోయి ఇంటి ముందు కుడితి గోలెంలో కలిపేది.

ఒక సాయంత్రం నసీరుద్దీన్ ఎదురుపడ్డాడు.

"కొంగుల ఏమున్నది జంగమ్మా?"

"పిప్పి సారూ. పూడ్వనీకె తీస్కపోతున్న."

"ఎక్కడ పూడుస్తవ్?"

"బర్రె కడుపుల."

ఆయన మొహం పక్కకు తిప్పుకున్నాడు. "జర లోతుకు పూడ్చు" అని వెళ్లిపోయాడు. విలాయత్ పోయి వచ్చినా మనిషి చెడిపోలేదని జంగమ్మకు ఆయన మీద గురి కుదిరింది.

ఇలా ఉండగా శాఖాధిపతి నాజిం గారు కర్మాగారం చూడటానికి దయచేస్తున్నారని కబురొచ్చింది. పరీక్షకు మిల్లు బట్ట తెద్దామని నసీరుద్దీన్ రెండు రోజులు పట్నం పోయాడు. ఏర్పాట్లు చూడటానికి తహశీల్దారు గారు వచ్చారు. పెద్ద దొర వచ్చాడంటే గోడలకు సున్నం, నేలకు ఫినాయిల్ కొట్టించడం మన వైపు తాతల నాటి ఆచారం. తట్టల మీద జిగటగా ఉన్నదాన్ని చూసి ఇదేమిటని ఆయన అడిగారు. క్రిములని చెప్పారు. కిందటేడు కలరాకు ఊళ్లకు ఊళ్లే ఖాళీ అయిన తాలూకా అది. వెంటనే ఫినాయిల్ తెమ్మన్నారు.

"గవి సచ్చిపోతె పని గాదు దొరా" అంది జంగమ్మ. "ఈడ పనోళ్లు గవ్వే."

"నాజిం సాబ్ ముంగట పురుగులు మెసులుతుంటె నా నౌకరి ఉంటదా?" అన్నారు తహశీల్దారు గారు.

ఆరు డబ్బాల ఫినాయిల్ ఖర్చయింది. కర్మాగారంలో ఒక్క క్రిమి కూడా మిగలకుండా నిర్మూలించడమైనదని ఆయన పైకి సగర్వంగా రాసుకున్నారు. నాజిం గారు రావాల్సిన రోజు పొద్దున నసీరుద్దీన్ దిగాడు. వాసన తగలగానే షెడ్డు గడపలో కూలబడ్డాడు. "విలాయత్ కెల్లి మూడేండ్ల మెహనత్ పాయె జంగమ్మా" అన్నాడు.

అప్పటికే నాజిం గారు స్టేషన్‌లో దండలు వేయించుకుంటున్నారు. మొన్న కుడితి గోలెంలో పడిన కొత్త చీర గంజంతా పోయి తడిగుడ్డలా వాలిపోవడం జంగమ్మ చూసింది. పిప్పి వెంట పోయిన క్రిములు ఫినాయిల్ ఎరగకుండా ఆమె ఇంటి ముందు హాయిగా సంసారం చేసుకుంటున్నాయి. సంగతి చెబితే దొంగతనం బయటపడుతుంది, బర్రెకు ముప్పు. చెప్పకపోతే ఈ సారు పోతాడు, ఇంకో సారు వచ్చి కొంగు విప్పమంటాడు. ఎటు చూసినా గొయ్యే. ఆ మనిషి మొహం చూడలేక, కడవ ఎత్తుకుని ఇంటికి పరుగెత్తింది.

ఆమె బర్రె గోలెంలోంచి తెచ్చిన కుడితిని వడగట్టి, గోరువెచ్చ చేసి, అందులో మిల్లు బట్ట ముంచారు. అది నానే అరగంటా నాజిం గారు ఉపన్యసించారు. "వ్యర్థములో అర్థమును చూచుటయే విజ్ఞానము. ఈ ప్రాంత ప్రజలు యుగయుగాలుగా సంపదను పశువుల నోటికి అందించి నష్టపోయిరి." జనం చప్పట్లు కొట్టారు. గంజి ఉన్న బట్ట మీద అయోడిన్ చుక్క పడితే నీలమవుతుంది. ఇప్పుడు చుక్క వేశారు. నీలం కాలేదు. మళ్లీ చప్పట్లు.

ఈ రసం ఎక్కడిదని నాజిం గారు అడిగారు. నసీరుద్దీన్ నోరు తెరిచేలోపు తహశీల్దారు గారు ముందుకొచ్చి, "మా తాలూకా బర్రెది హుజూర్" అన్నారు. బర్రెకూ దీనికీ సంబంధం లేదని, తవుడు, గోలెం ఉంటే చాలని నసీరుద్దీన్ మొత్తుకున్నాడు. అది నిపుణుని వినయంగా నమోదైంది. గోలెమును, బర్రెను యంత్రసామగ్రిగా సర్కారు స్వాధీనం చేసుకున్నది. జంగమ్మకు ఒక ప్రశంసాపత్రం దక్కింది. మాఘంలో బర్రె ఈనింది, దూడను విడిభాగం కింద రాసుకున్నారు. పాలు పరీక్ష నిమిత్తం రోజూ తహశీల్దారు గారి ఇంటికి పోయేవి. జంగమ్మ గోడవతల నిలబడి దూడ అరుపు విని వచ్చేది. ఏడ్చేది కూడా.

ఎండాకాలానికి ఇంట్లో గింజ లేదు. ఆకలికి ఆగలేక చాకలి యాదయ్య ఇంటికి పోయింది. వాకిట్లో పొయ్యి మీద చిక్కటి బియ్యపు గంజి పొగలు కక్కుతోంది. పక్కన ఒక కొత్త అంగి ఉంది. కర్మాగారంలో గంజి వదిలించిన మొదటి తానులోంచి తహశీల్దారు గారు కుట్టించుకున్నది. మెత్తగా వాలిపోయి దొరతనం కనిపించడం లేదని గంజి పెట్టడానికి పంపించారు.

"ఒక్క ముంతెడు పొయ్యి తమ్మీ" అంది జంగమ్మ.

"జర ఆగక్కా. ముందుగాల సాబ్ అంగి తాగనీ. మిగిలితె పోస్త."

మిగల్లేదు. మర్నాడు ఆ అంగి తొడుక్కుని, ఆహార ధాన్యాలను ఒక్క గింజైనా వృథా చేయరాదని తహశీల్దారు గారు శంషాబాద్‌లో గంటసేపు మాట్లాడారు. ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టినవాళ్లలో మీ తాతగారు కూడా ఉన్నారు. ఆయన తొడుక్కున్నదీ గంజి పెట్టిన అంగీయే.